"ఏటి కొట్టాలి?" అని అడిగితే జవాబు రాదు. మరి ఎలా అడగాలి?

ప్రశ్న: ఆమదాలవలస నుంచి

మాస్టార్లందరికీ నమస్కారం. మా వరి రైతుల వాట్సాప్ గ్రూపులో ప్రశ్నలన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. ఒక ఫొటో, దాని కింద "చేను ఎర్రబారిపోనాది, ఏటి కొట్టాలి?" అని ఒక్క ముక్క. పావుగంటలో ఐదారు జవాబులు వస్తాయి. ఒకరు జింకు అంటారు, ఒకరు దోమ అంటారు, ఇంకొకరు మాటేమీ లేకుండా మందు డబ్బా ఫొటో పెడతారు. దేన్ని నమ్మాలో తెలీక రెండు మూడు కలిపి కొట్టేస్తున్నారు. జవాబు చెప్పేవాళ్ళని తప్పు పట్టలేం, ప్రశ్నలోనే సరుకు ఉండటం లేదు.

గ్రూపులో పైన పిన్ చేసి ఉంచడానికి చిన్న సూచన రాద్దామనుకుంటున్నాను. అడిగేవాళ్ళు తప్పకుండా చెప్పాల్సినవి ఏవి? చెప్పకపోయినా నష్టం లేనివి ఏవి? ఫొటో ఎలా తీస్తే పనికొస్తుంది? పది వివరాలు అడిగితే అసలు అడగడమే మానేస్తారన్న భయం కూడా ఉంది. పెద్దవాళ్ళు చాలామంది టైపు చెయ్యరు, వాయిస్ పెడతారు. వాళ్ళకీ పనికిరావాలి. మా దగ్గర కొందరివి ఉభాలు (నారు పోసి నాటినవి), కొందరివి ఎదలు (విత్తనం నేరుగా చల్లినవి). కొండవార జీడితోటలున్నవాళ్ళూ ఉన్నారు.


జవాబు: రాజాం నుంచి

మంచి ప్రశ్న అంటే పొడుగు ప్రశ్న కాదండీ. వరి ఎర్రబారిందనగానే చదివేవాళ్ళ మనసులోకి ఒకేసారి చాలా అనుమానాలొస్తాయి: జింకు లోపం, నత్రజని చాలకపోవడం, పొటాష్ చాలకపోవడం, ఎండాకు తెగులు, దోమపోటు (సుడిదోమ దుబ్బు మొదట్లో రసం పీల్చి ఎండబెట్టడం), టుంగ్రో వైరస్ తెగులు, నీరు నిలిచి వేరు దెబ్బతినడం, కలుపుమందు ఎక్కువ పడటం. వీటిని రెండు మూడుకి దించగలిగేదే మంచి ప్రశ్న. ఏ వివరం రాయాలో తేల్చుకోవడానికి కూడా ఇదే కొలత. అది చెబితే ఏదో ఒక అనుమానం కొట్టుకుపోతుందా? పోతే రాయమనండి.

అన్నిటికంటే ముందు చేను వయసు. మీ దగ్గర ఉభాలూ ఎదలూ రెండూ ఉన్నాయి కాబట్టి ఇక్కడే పెద్ద తికమక. "నలభై రోజుల చేను" అని ఎదల రైతు అంటే అది నలభై రోజుల మొక్క. నెల నారు నాటిన రైతు అదే మాట అంటే డెబ్భై రోజుల మొక్క. అందుకని ఎదలైతే చల్లి ఎన్ని రోజులైందో, ఉభాలైతే నాటి ఎన్ని రోజులైందో, నాటేనాటికి నారు వయసెంతో చెప్పాలి. జింకు లోపం మామూలుగా నాటిన రెండు నుంచి ఆరు వారాల్లోపు బయటపడుతుంది. పొట్ట మీదున్న (కంకి బయటకి రాబోయే) చేను కొత్తగా ఎర్రబారితే ఎవరూ ముందు జింకు వైపు చూడరు. ఈ ఒక్క అంకెతో సగం వాదన తగ్గుతుంది.

తర్వాత ఏ ఆకో చెప్పాలి. గ్రూపుల్లో ఎక్కువమంది వదిలేసేది ఇదే, ఎక్కువ పనికొచ్చేదీ ఇదే. నత్రజని గానీ పొటాష్ గానీ చాలనప్పుడు మొక్క ముదురాకుల్లో ఉన్నదాన్ని లాగి లేతాకులకి పంపుకుంటుంది. అందుకే కిందాకులు ముందు చెడతాయి. నత్రజని లోపంలో ఆకంతా వెలిసిపోతుంది. పొటాష్ లోపంలో కొన నుంచి అంచుల వెంబడి మాడుతుంది. ఇనుము, గంధకం మొక్కలో అంత సులువుగా కదలవు, వాటి లోపం పైన కొత్తాకుల్లో కనబడుతుంది. జింకు లోపంలో పైనుంచి మూడో ఆకు, నాలుగో ఆకు చూడాలి: ఈనె మొదట్లో పాలిపోయి ఉంటుంది, ఆకు మీద తుప్పు రంగు మచ్చలుంటాయి, వంచితే పుటుక్కున విరుగుతుంది. "కింద ఆకులా, పైన ఆకులా, వంచితే విరుగుతోందా" అని మూడు మాటలు చెబితే చాలు, జవాబు చెప్పేవాళ్ళకి దారి దొరుకుతుంది.

మూడోది, చేలో ఎక్కడ. అంతా ఒకేలా ఉందా, తూము దగ్గరా, పల్లంలోనా, గట్టు వారా, మధ్యలో గుండ్రంగానా? నడిచేలో గుండ్రటి తావులుగా ఎండుతూ ఆ తావులు పెరుగుతుంటే ముందు దోమపోటు చూడాలి. తిన్నని చారలుగా ఉంటే ఎరువు చల్లిన తీరో, కలుపుమందు రెండుసార్లు పడ్డ చోటో చూడాలి. పక్క చేలో అదే రకం ఉందా, అక్కడా ఇలాగే ఉందా అన్నది కూడా ఒక్క మాట.

మాటల విషయంలో రెండు జాగ్రత్తలు. "చేను పచ్చబడింది" అని రాయొద్దనండి. మనకి ఆకుపచ్చా పచ్చే, పసుపుపచ్చా పచ్చే. ఒకరు చేను తిప్పుకుందని చదువుకుంటారు, ఇంకొకరు వెలిసిపోయిందని చదువుకుంటారు. పసుపు, తుప్పు రంగు, గోధుమ రంగు, తెలుపు అని రంగు పేరే చెప్పాలి. రెండోది, "తెగులు పట్టింది", "దోమ పట్టింది" అని పేరు పెట్టేయకుండా కళ్ళకి కనబడిందే చెప్పమనండి. పురుగునీ తెగులనేవాళ్ళున్నారు, ఎగిరే చిన్నదాన్నల్లా దోమ అనేవాళ్ళున్నారు. పేరు తప్పైతే జవాబు కూడా ఆ తప్పు వెనకే పోతుంది.

సర్వే నంబరు, విత్తనం ఏ దుకాణంలో కొన్నదీ, పెట్టుబడి ఎంతైందీ ఇక్కడ అక్కర్లేదు. మొలక సరిగ్గా రాలేదన్న ప్రశ్నైతేనే విత్తనం సంగతి.


జవాబు: శ్రీకాకుళం రూరల్ నుంచి

ఫొటోల సంగతి నేను చెబుతాను.

ఒక్క ఫొటో చాలదు, పది కూడా వద్దు. నాలుగు చాలు. గట్టు మీద నిలబడి చేను మొత్తం ఒకటి. బావున్నదీ బాగోలేనిదీ రెండు దుబ్బులు వేర్లతో సహా పీకి, మట్టి కడిగి, పక్కపక్కన పెట్టి ఒకటి. ఈ పోలిక ఫొటోకి ఉన్నంత విలువ వేరే దేనికీ ఉండదు. జబ్బు చేసిన ఆకు ఒక్కటి తెల్ల కాగితం మీద పెట్టి దగ్గరగా ఒకటి, పక్కన రూపాయి బిళ్ళ ఉంచితే మచ్చ సైజు తెలుస్తుంది. నాలుగోది దుబ్బు మొదలు, నీటికి కాస్త పైభాగం. దోమ ఉండేది అక్కడే. ఆకుల ఫొటోలు ఎన్ని పెట్టినా దోమపోటుని అందులో పట్టలేరు. దుబ్బుని పక్కకి వంచి చేత్తో తట్టి, నీళ్ళలో ఏం పడ్డాయో పది సెకన్ల వీడియో తీస్తే ఇంకా మంచిది. చేలో అక్కడక్కడా పది దుబ్బులు తట్టి, దుబ్బుకి సుమారు ఎన్ని ఉన్నాయో లెక్క చెప్పాలి. "శానా ఉన్నాయి" అంటే ఎవరి ఊహ వాళ్ళది.

మిట్టమధ్యాహ్నం తీస్తే రంగు వెలిసిపోతుంది, రాత్రి టార్చి వేసి తీస్తే అంతా పసుపుగా వస్తుంది. పొద్దున్న ఎండ ముదరకముందు తీయమనండి. వాట్సాప్ ఫొటోని కుదించేస్తుంది, పంపేముందు హెచ్‌డీ అన్న గుర్తు నొక్కాలి.

ఫొటో తేల్చలేనివి కొన్ని ఉంటాయి, అక్కడ చిన్న పరీక్ష చేసి దాని ఫలితం రాస్తే మేలు. ఆకు అంచులు కొన నుంచి ఎండుతున్నాయంటే ఎండాకు తెగులు కావచ్చు, పొటాష్ లోపం కావచ్చు, ఫొటోలో రెండూ ఒకేలా ఉంటాయి. ఆకుపచ్చ భాగం, ఎండిన భాగం కలిసేచోట ఆకుని కత్తిరించి, గాజుగ్లాసులో తేటనీళ్ళు పోసి, కోసిన అంచు మునిగేలా పెట్టాలి. కాసేపట్లో ఆ అంచు నుంచి పాలలాంటి తీగ నీళ్ళలోకి దిగితే అది బాక్టీరియా, ఎండాకు తెగులే. అప్పుడు యూరియా ఆపాలి, ఆ మడి నీళ్ళు పక్క మడిలోకి పోనివ్వకూడదు. "గ్లాసు పరీక్ష చేశాను, పాలతీగ దిగింది" అని ప్రశ్నలోనే ఉంటే జవాబు రెండు నిమిషాల్లో వస్తుంది.

గ్రూపులో తేలకపోతే అవే దుబ్బులు వేళ్ళతో సహా కవర్లో పెట్టి రైతు సేవా కేంద్రానికో, రాగోలు పరిశోధన స్థానానికో, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికో పట్టుకెళ్ళాలి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేసినప్పుడు ఫొటో ఉండదు కాబట్టి రాజాం మాస్టారు చెప్పిన వివరాలు అక్కడ ఇంకా ఎక్కువ అవసరం.


జవాబు: బొబ్బిలి నుంచి

ఇప్పటికే ఏం వేశారు, ఏం కొట్టారు అన్నది పైవాళ్ళు వదిలేశారు. ఇది లేని ప్రశ్నకి జవాబు చెప్పడం ప్రమాదం కూడా.

"నిన్ననే మందు కొట్టాను, తగ్గలేదు" అంటే ఏమీ తెలీదు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో అసలు రసాయనం పేరు, శాతం ఉంటాయి. ఆ రెండూ రాయాలి, లేదా ఆ అక్షరాలు కనబడేలా డబ్బా ఫొటో తీయాలి. ఒకే రసాయనం చాలా పేర్లతో అమ్ముతారు. ఒక పేరుతో కొట్టి తగ్గలేదంటే ఇంకో పేరు చెబుతారు, తీరా చూస్తే రెండూ ఒకటే.

కొలతల్లో "మూత నిండా", "ట్యాంకుకి ఒక డబ్బా" అన్న లెక్కలు పనికిరావు. మూత ఒక్కో డబ్బాకి ఒక్కో సైజు, ట్యాంకు కూడా ఒకరిది 10 లీటర్లైతే ఒకరిది 16, ఒకరిది 20. చెప్పాల్సింది మూడు అంకెలు: ట్యాంకు ఎన్ని లీటర్లు, ట్యాంకుకి ఎన్ని గ్రాములు లేదా మిల్లీలీటర్లు, ఎన్ని సెంట్లకి ఎన్ని ట్యాంకులు. తప్పు చాలాసార్లు ఈ మూడో అంకెలోనే దొరుకుతుంది. జింకు సల్ఫేటునే చూడండి. లీటరుకి 2 గ్రాములు, ఎకరాకి 200 లీటర్ల నీళ్ళు, అంటే 400 గ్రాములు. 16 లీటర్ల ట్యాంకుకి 32 గ్రాములు సరిగ్గానే కలిపి, ఎకరాకి పన్నెండున్నర ట్యాంకులు పోవాల్సింది ఆరుతో ముగిస్తే చేనికి అందింది 192 గ్రాములే. సగం కూడా లేదు. "మందు పనిచెయ్యలేదు" అంటారు. భూమిని కుంచాల్లో చెప్పేవాళ్ళు సెంట్లలోకి మార్చి చెప్పమనండి.

ఇంకో సంగతి మీ సూచనలో పైనే ఉండాలి. ముందే మందు నిర్ణయించుకుని దాని డోసు మాత్రం అడగడం మానాలి. "గుళికలు ఎకరాకి ఎన్ని కిలోలు?" అన్న ప్రశ్నకి ఎవరైనా అంకె చెప్పేస్తారు. ఆ రైతు చూసింది తెల్లకంకి (కాండం తొలిచే పురుగు వల్ల గింజ పట్టక తెల్లబడ్డ కంకి) అయితే ఆ కంకి అప్పటికే పోయింది, గుళికలతో తిరిగి రాదు. "దోమకి ఫలానా పైరిథ్రాయిడ్ ఎంత?" అన్నదీ అంతే. ఆ జాతి మందులు కొడితే సుడిదోమ తగ్గకపోగా మళ్ళీ విజృంభిస్తుంది. అడిగినదానికి సరైన అంకె చెప్పినా చేనికి చేటే. "చేలో ఇది కనబడింది, ఇది వేద్దామనుకుంటున్నాను" అని రెండూ రాస్తే, అవసరమైతే వద్దని చెప్పే వీలుంటుంది.


జవాబు: పలాస నుంచి

జీడితోటల ప్రశ్నకి రోజుల లెక్క పనిచెయ్యదు. చెట్టు వయసు ఏళ్ళలో, అంటుమొక్కా గింజమొక్కా, ఇప్పుడు లేత చిగురు మీదుందా, పూత మీదుందా, పిందె మీదుందా అన్నది చెప్పాలి. "తోట పోతోంది" అనొద్దు. 60 చెట్లలో 7 అని లెక్క చెప్పాలి. అవి ఒకేచోట ఉన్నాయా, చెదిరి ఉన్నాయా అన్నది కూడా.

పూత మాడితే మంచుకి మాడిందని రాసేస్తారు. కారణం ముందే రాసేస్తే వెతికేది ఏముంటుంది? కొమ్మని దగ్గరగా చూసి, పూకాడ మీద గోధుమ రంగు నుంచి నలుపుకి తిరిగే గీతల్లాంటి మచ్చలున్నాయా, వాటి దగ్గర జిగురు కారిందా అని రాయాలి. ఉంటే తేయాకు దోమ (చిగురు, పూత రసం పీల్చే పురుగు) అనుమానం బలపడుతుంది.

ఆకులు పసుపెక్కి రాలుతున్న చెట్టైతే ఫొటో కొమ్మలది కాదు, మొదలుది కావాలి. మొదలు చుట్టూ మట్టి తీసి చూడాలి. రంధ్రాలు, రంపపు పొట్టు, జిగురు ఉంటే అది కాండం, వేరు తొలిచే పురుగు. అప్పుడు ప్రశ్నలో ఒక అంకె తప్పనిసరి: మాను చుట్టుకొలతలో బెరడు ఎంత మేర తినేసింది? పావు వంతా, సగమా, అంతకు మించా? ఆకులు పసుపెక్కి, బెరడు సగం చుట్టు దాటి పోయిన చెట్టు తేరుకోదు. దాన్ని తీసి, వేళ్ళలోని పురుగుల్ని చంపి, పక్కచెట్లని కాపాడుకోవాలి. సగం లోపైతే చెక్కి పురుగు తీసి చెట్టుని నిలబెట్టొచ్చు. ఆ ఒక్క అంకెతో జవాబే మారిపోతుంది కాబట్టి టేపు లేకపోయినా తాడు చుట్టి కొలవమనండి.


ఆమదాలవలస నుంచి

అందరికీ ధన్యవాదాలు. సూచన కింద నమూనాగా ఒక ప్రశ్న రాశాను. ఎక్కడ లోటుందో చెప్పండి మాస్టారూ.

"వరి, ఎంటీయూ 1121, 80 సెంట్లు. ఉభాలై 24 రోజులు, నారు వయసు 28 రోజులు. పైనుంచి మూడు, నాలుగు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు, వంచితే విరుగుతున్నాయి. తూము పక్క పల్లంలో 15 సెంట్ల మేర ఉంది, మిగతా చేను బావుంది. నీళ్ళు వంశధార కాలువవి. దమ్ములో (నాటే ముందు బురద దున్నినప్పుడు) డీఏపీ ఒక బస్తా వేశాం. ఏ మందూ కొట్టలేదు. జింకు లోపమేనా?"


రాజాం నుంచి

బాగా వచ్చింది. మూడు చోట్ల సవరించండి.

నీళ్ళు ఎక్కడివో రాశారు గానీ ఎన్ని రోజులుగా ఎంత లోతు నిలిచి ఉన్నాయో రాయలేదు. పల్లంలోనే కనబడుతోంది కాబట్టి ఇక్కడ ముఖ్యమైంది అదే. "పల్లంలో పది రోజులుగా జానెడు నీళ్ళు, తీసే దారి లేదు" అన్నదీ, "రెండంగుళాలు, తీయొచ్చు" అన్నదీ వేర్వేరు జవాబులు తెస్తాయి.

దమ్ములో జింకు వేశారో లేదో రాయలేదు. వేయలేదన్నది కూడా సమాచారమే, ఆ మాట రాయాలి. డీఏపీ సంగతి చెప్పడం మంచిదైంది. బస్తాలో 23 కిలోల భాస్వరం ఉంటుంది, భాస్వరం ఎక్కువైతే మొక్కకి జింకు అందడం తగ్గుతుంది.

ఇక చివరి మాట. "జింకు లోపమేనా?" అని అడిగితే అందరూ అవునంటారు. "జింకు అనుకుంటున్నాను, ఇంకేమైనా కావచ్చా? దేన్ని చూసి తేల్చుకోవాలి?" అని అడిగితే ఆలోచించి రాస్తారు.

ఈ నమూనా ప్రశ్నకి జవాబు కూడా కిందే పెట్టండి, చదివినవాళ్ళకి వివరాల విలువ తెలుస్తుంది. నీరు తీసి, లీటరుకి 2 గ్రాముల జింకు సల్ఫేటు, ఐదు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు. పురుగుమందుతో కలపకూడదు. పాడైంది 15 సెంట్లే కాబట్టి 30 లీటర్లు సరిపోతాయి, అంటే 60 గ్రాములు. విస్తీర్ణం రాయకపోయుంటే 80 సెంట్లకీ కొట్టేవారు.


బొబ్బిలి నుంచి

వాయిస్ పెట్టే పెద్దవాళ్ళకి రాతలో ఉన్నది గుర్తుండదు. ఐదు వేళ్ళు చూపించి చెప్పండి. బొటనవేలు: ఏ రకం, ఎన్ని రోజులు. చూపుడువేలు: ఏ ఆకు, ఏ రంగు. మధ్యవేలు: చేలో ఎక్కడ, ఎన్ని సెంట్లు. ఉంగరపువేలు: ఏం వేశాం, ఎంత వేశాం. చిటికెనవేలు: నీళ్ళు. వేలు మడుస్తూ మాట్లాడితే నిమిషంలో అయిపోతుంది. ఒకటి తప్పితే వినేవాళ్ళు "చిటికెనవేలు చెప్పలేదు చిన్నాన్నా" అని అడిగితే చాలు, మళ్ళీ మొదటినుంచి అడగక్కర్లేదు.


ఆమదాలవలస నుంచి

ఇది చాలా బావుంది, బొమ్మతో పెడతాను. ఒకటే మిగిలింది. జవాబు వచ్చాక ఏమైందో ఎవరూ చెప్పడం లేదు. దాన్ని ఎలా అడగాలి?


రాజాం నుంచి

కొట్టేరోజే రెండు దుబ్బులకి ఎర్రదారం కట్టమనండి. ఏడో రోజున, పధ్నాలుగో రోజున ఆ దుబ్బులవే ఫొటోలు పాత ప్రశ్నకే రిప్లైగా పెట్టాలి, కొత్త మెసేజ్‌గా పెడితే ఏ చేనుదో ఎవరికీ తెలీదు. జింకు విషయంలో ఒకటి ముందే చెప్పి ఉంచండి: మచ్చలు పడ్డ ఆకు మళ్ళీ బాగవదు. పాత ఆకుని చూసి తగ్గలేదనుకుని ఇంకో మందు కొట్టేస్తారు. దారం కట్టాక కొత్తగా వచ్చిన ఆకులు శుభ్రంగా ఉన్నాయా, కొత్త పిలక వేసిందా అన్నదే ఫొటోలో కనబడాలి.